పళ్లెంలో పరచి పెంచిన కాండ్రోసైట్ చెప్పేది ఆర్థ్రైటిస్‌కు సాక్ష్యమా?

గుండ్రటి_కణం:
మృదులాస్థి కణాన్ని (కాండ్రోసైట్) ప్లాస్టిక్ మీద పరచి పెంచుతారు, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేత అణువును వేస్తారు, ఒక రోజు ఆగి మృదులాస్థికి బలమిచ్చే కొల్లాజెన్ ప్రోటీన్‌ను కోసే ఎంజైము ఎంఎంపీ-13ను కొలుస్తారు. అది తగ్గితే చాలు, ‘కీళ్ల అరుగుదలకు ఈ పదార్థం పనికొస్తుంది’ అని రాసేస్తారు. దీన్ని సాక్ష్యంగా ఒప్పుకోవాలా? వద్దనే నా వాదన.

మొదటి చిక్కు మోతాదు. పళ్లెంలో సాధారణంగా వేసేది మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు. అరుగుదల ఉన్న కీలు ద్రవంలో ఆ అణువు ఉండేది పికోగ్రాముల్లో (నానోగ్రాములో వెయ్యో వంతు). రెండోది ఇంకా పెద్దది. పరుచుకున్న కణం గుండ్రని ఆకారం పోగొట్టుకుంటుంది, లోపల యాక్టిన్ తంతువులు బిగుసుకుంటాయి, మృదులాస్థి జీన్లను నడిపే సాక్స్-9 ప్రోటీన్ పడిపోతుంది. మూడు నాలుగు పాసేజీలు (కణాలను కొత్త పళ్లెంలోకి మార్చడం) తిరిగేసరికి మృదులాస్థిలో ఉండే 2వ రకం కొల్లాజెన్ బదులు 1వ రకం చేస్తుంటుంది. అప్పటికి అది మృదులాస్థి కణం కాదు, మామూలు బంధన కణజాలపు కణమైన ఫైబ్రోబ్లాస్ట్‌కు దగ్గరి చుట్టం.

వడపోత_బల్ల:
మోతాదు సంగతి ఒప్పుకుంటాను. కానీ పద్ధతినే కొట్టిపారేయడం సరికాదండీ. 96 గుంటల పళ్లెంలో వందల అణువులను వడకట్టాలంటే ఇంతకన్నా వీలైన దారి లేదు. తప్పు పాసేజీలు పెంచుకుంటూ పోవడంలో ఉంది. కణజాలం నుంచి విడదీసిన కణాలను చదరపు సెంటీమీటరుకు లక్ష చొప్పున ఒత్తుగా వేసి, పాసేజ్ చేయకుండా మొదటి వారంలోనే ప్రయోగం ముగిస్తే స్వభావం చాలావరకు నిలుస్తుంది. 2వ రకం, 1వ రకం కొల్లాజెన్‌ల ఆర్‌ఎన్‌ఏ నిష్పత్తిని ప్రతి బ్యాచ్‌కూ చూపిస్తే సరిపోతుంది. ఆ ఒక్క గ్రాఫ్ లేని పేపరును నేనూ నమ్మను.

ఆల్జినేట్_పూస:
నిష్పత్తి చూపడం కన్నా కణానికి దాని ఆకారం తిరిగివ్వడం మేలు. 0.15 మోలార్ ఉప్పునీటిలో 1.2 శాతం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) కలిపి, మి.లీ.కు 40 లక్షల కణాలు వేసి, 22 గేజ్ సూదితో చుక్కచుక్కగా 102 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లోకి వదలండి. పది నిమిషాల్లో పూసలు గట్టిపడతాయి. కణం అందులో మళ్లీ గుండ్రంగా మారి మృదులాస్థిలో నీటిని పట్టి ఉంచే అగ్రికాన్ చేయడం మొదలుపెడుతుంది. తర్వాత 55 మిల్లీమోలార్ సిట్రేట్‌తో పూసను కరిగించి కణాలను తీసుకోవచ్చు.

చెడేది ఎక్కడంటే: పూసలను ఫాస్ఫేట్ బఫర్‌తో పదే పదే కడిగితే కాల్షియం పోయి అవి మెత్తబడతాయి. ఇంకొకటి, ఆస్కార్బేట్ (విటమిన్ సి) మీడియంలో, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలో, ఎక్కువసేపు నిలవదు. మి.లీ.కు 25 నుంచి 50 మైక్రోగ్రాముల చొప్పున మీడియం మార్చిన ప్రతిసారీ తాజాగా వేయాలి. అది లేకపోతే ప్రోలిన్ మీద హైడ్రాక్సిల్ చేరదు, కొల్లాజెన్ మూడు పోగుల జడ నిలబడదు. జీన్ పలుకుతూనే ఉంటుంది, కణం చుట్టూ ఉండాల్సిన మాత్రిక మాత్రం పేరుకోదు. మందు పనిచేయలేదని రాసుకునే ముందు ఇది చూసుకోవాలి.

ముక్క_కల్చర్:
పూసలో కూడా కొల్లాజెన్ వల ఉండదు కదండీ. తెగేది అసలు ఆ వలే. మృదులాస్థి ముక్కనే యథాతథంగా పెంచితే తేడా కళ్లముందు కనిపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1, ఆంకోస్టాటిన్-ఎమ్ (ఇంకో వాపు సంకేతం) కలిపి వేస్తే అగ్రికాన్ కొద్దిరోజుల్లోనే మీడియంలోకి వచ్చేస్తుంది. డైమిథైల్ మిథిలీన్ బ్లూ అనే రంగుతో దాన్ని కొలుస్తాం. కొల్లాజెన్ కదిలేది రెండో వారం దరిదాపుల్లో. మూడో రోజుకే ప్రయోగం ఆపేసినవాళ్లు అసలు నష్టాన్ని చూడనే లేదు. అగ్రికాన్ పోతే కణం మళ్లీ చేసుకోగలదు. కొల్లాజెన్ అలా కాదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆనవాలును పట్టుకుని 2016లో వచ్చిన అధ్యయనం, పెద్దవాళ్ల మోకాలి మృదులాస్థి కొల్లాజెన్ దాదాపు మారదని తేల్చింది. కాబట్టి మీడియంలో హైడ్రాక్సీప్రోలిన్ (తెగిన కొల్లాజెన్ ఆనవాలు) కొలవని ఫలితం నా లెక్కలో సగం ఫలితమే.

‘అరుగుదల’ అనే మాటే మనల్ని పక్కదారి పట్టిస్తోంది. చెప్పు అడుగులా ఊరికే అరగడం లేదు అది. కణాలే ఎంజైములు వదిలి కోస్తున్నాయి.

వడపోత_బల్ల:
మరి జంతువులో రుజువైనది మనుషుల్లో నిలిచిందా? అడామ్‌టీఎస్-5 అనే, అగ్రికాన్‌ను కోసే ఎంజైమును తీసేసిన ఎలుకలకు మృదులాస్థి నష్టం తగ్గిందని 2005లో వచ్చింది. ఆ ఎంజైమును అడ్డుకునే మాత్ర 2020లో 2వ దశ ట్రయల్‌లో మృదులాస్థి నష్టాన్ని ఆపలేదు. పళ్లెం ఒక్కటే దోషి అనడం అన్యాయం.

గుండ్రటి_కణం:
నిజమే, ఆ మాట తీసుకుంటాను. ఎలుక మృదులాస్థి కొన్ని వరుసల కణాల మందమే, మనిషి మోకాల్లో రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. పైగా ఎలుకకు నెలలో వచ్చేది మనిషికి దశాబ్దాల్లో వస్తుంది. మృదులాస్థిని పెంచాలని కీలులోకి ఎక్కించే మందు స్ప్రిఫెర్మిన్ ఇంకో పాఠం: రెండేళ్లలో ఎక్కువ మోతాదుకు మందం ప్లసీబో (ఉత్తుత్తి మందు) కన్నా 0.05 మి.మీ. పెరిగింది, నొప్పి మాత్రం ప్లసీబో కన్నా తగ్గలేదు. మృదులాస్థిలో నరాలే లేవు కదా, నొప్పి పుట్టేది కీలు పొరలోనూ కింది ఎముకలోనూ.

అందుకే నా వాదన కొంచెం సడలిస్తాను. పరచిన కణాల మీద వడకట్టండి, ‘మందు’ అని మాత్రం రాయకండి. ఇంటర్‌ల్యూకిన్ 10 నానోగ్రాములకు పక్కనే 0.1 నానోగ్రాము గుంట కూడా పెట్టండి. ప్రభావం పెద్ద మోతాదులోనే కనబడితే ఆ సంగతి సారాంశంలోనే చెప్పండి.

ముక్క_కల్చర్:
0.1 నానోగ్రాము గుంట పెడితే ముక్కను కనీసం 21 రోజులు నడపాలి మరి. ఏడు రోజులకు అందులో కొల్లాజెన్ నష్టం కనబడదు.