ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు డబ్బిచ్చి మందులు పరీక్షించడం ఆపాలా?

మానేరు_కుర్రోడు:
మా కరీంనగర్ వైపు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లను ఏజెంట్లు హైదరాబాద్ తీసుకెళ్లి బీఈ స్టడీల్లో, అంటే జనరిక్ మందు అసలు మందుతో సమానమో కాదో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చూసే పరీక్షల్లో, చేరుస్తున్నారు. 2017లో జమ్మికుంట ప్రాంతంలో ఈ గొడవ పేపర్లకెక్కింది. కొన్నాళ్లు హడావిడి, మళ్లీ మామూలే. జబ్బున్నవాళ్ల మీద చేసే ట్రయల్స్ వేరు, వాళ్లకు నయమవుతుందన్న ఆశైనా ఉంటుంది. ఒంట్లో ఏమీ లేనివాడికి డబ్బు ఎర చూపి సంతకం పెట్టించుకుంటే దాన్ని అంగీకారం అంటారా? నిషేధించాలంటాను. మీరేమంటారు?

ఫార్మసీ_అక్క:
తమ్ముడూ, నిషేధిస్తే బీపీ, షుగర్ మాత్రలు ఇంత చవగ్గా ఎలా దొరుకుతాయి? జనరిక్ మందు, అంటే అసలు కంపెనీ మందునే వేరే కంపెనీ చవగ్గా చేసేది, మార్కెట్‌కు రావాలంటే చాలావాటికి ఈ స్టడీ కావాలి. అసలు కంపెనీ మాత్ర ఒకసారి, జనరిక్ మాత్ర ఒకసారి అదే మనిషికిస్తారు. మధ్యలో మొదటిది ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగుతారు. రక్తంలో ఎంత మందు చేరిందో కొలిచి, అసలుదాన్ని వంద అనుకుని పోలిస్తే, జనరిక్‌ది 80 నుంచి 125 శాతం హద్దుల్లోనే ఉండాలి. ఎక్కువగా ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న మందులే. పని మానుకుని వచ్చి, రాత్రిళ్లు అక్కడే పడుకుని, మాటిమాటికీ రక్తమిచ్చేవాడికి డబ్బివ్వకపోతేనే అన్యాయం.

భద్రాచలం_మాస్టారు:
తప్పంతా డబ్బుదే అనుకుంటే మా జిల్లా సంగతి వినండి. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. ఏజెంటూ లేడు, కమీషనూ లేదు. హాస్టల్ పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

మానేరు_కుర్రోడు:
పిల్లలు చనిపోయారు కదా మాస్టారూ, ఆ మాట వదిలేశారేం?

భద్రాచలం_మాస్టారు:
ఇదే టీకా వేసిన గుజరాత్‌తో కలిపి ఏడుగురు. ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాముకాటుతో, ఇలా. టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. నా గొడవ అది కాదు బాబూ. టీకా మంచిదే అనుకుందాం, కన్నవాళ్లను అడగకుండా పిల్లకు సూది వెయ్యొచ్చా?

సూదిమందు_శీను:
హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఈ స్టడీలకు రక్తం తీసే పని చేశాను. మే నెల ఎండలో ఎవరైనా ఫుల్ హ్యాండ్స్ చొక్కా గుండీలన్నీ పెట్టుకొస్తే మాకు అనుమానమే. చెయ్యి పైకి లాగమంటే మోచేతి మడతలో ఇంకా మానని కాన్యులా (రక్తం తీయడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) గుర్తు కనపడేది. వేరేచోట స్టడీ అయి వారం కూడా కాలేదన్నమాట. అడిగితే "రక్తదానం చేశా అన్నా" అంటాడు! రెండు స్టడీల మధ్య మామూలుగా మూడు నెలలు ఆగమంటారు. వీళ్లు ఆగరు, తలకింత కమీషన్ తీసుకునే ఏజెంట్ ఆగనివ్వడు. పాత మందు ఒంట్లో ఉండగానే కొత్తది పడితే మనిషికీ ప్రమాదం, ఫలితాలూ తప్పు.

నిషేధిస్తే ఇదంతా చాటుగా జరుగుతుంది, అంతే. ఏజెంట్లను తీసేసి, వాలంటీర్ల వివరాలన్నీ ప్రభుత్వం ఒక్కచోట పెట్టాలి. ఫ్రాన్స్‌లో అలాంటి రిజిస్టర్ ఉంది, ఏడాదికి ఇంతకుమించి డబ్బు తీసుకోకూడదన్న పరిమితి కూడా ఉంది. ఇక్కడ కొన్ని సంస్థలు వేలిముద్రలతో తమలో తాము చూసుకుంటాయి. మిగతాచోట్ల వచ్చినవాడు చెప్పిందే నమ్మాలి.

మానేరు_కుర్రోడు:
సరే, రిజిస్టర్ పెట్టారు. ఇంటికొచ్చాక ఏమైనా అయితే దిక్కెవరు?

ఫార్మసీ_అక్క:
ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 రూల్స్ ఉన్నాయిగా. స్టడీ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం స్టడీ చేయించే కంపెనీయే ఇవ్వాలి. అంగీకార పత్రం అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ చేతికివ్వాలి.

మానేరు_కుర్రోడు:
ఇంట్లో చూస్తే తంతారని ఆ కాపీ బస్టాండ్‌లోనే చింపేస్తారక్కా. కాగితం లేనోడు ఎవరినడగాలి?

సూదిమందు_శీను:
అది నిజమే. కానీ సంతకం పెట్టిన కాపీ సంస్థలోనూ ఉంటుంది, స్టడీలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఫారంలోనే ఉంటుంది. చింపేముందు పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, నమ్మకమైన ఫ్రెండ్‌కి పంపమని మీ ఊరి కుర్రాళ్లకు చెప్పు. నిషేధం విషయంలో మాత్రం నీతో ఒప్పుకోను.