అప్‌డేట్: నీళ్లలో నడిచే ఆరు చక్రాల బండి లీకు దొరికింది

చెరువులో దింపితే పది నిమిషాల్లో బండిలోకి నీళ్లొస్తున్నాయి, వెల్డింగ్ లోపమా అని అడిగాను కదా. వెల్డింగ్‌ది తప్పేం లేదు, పాపం వెల్డర్‌ను ఊరికే తిట్టుకున్నా. మీలో ఒకరన్నట్టు బండి లోపలే నీళ్లు నింపి బయట చూశాను. వెనక యాక్సిల్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. యాక్సిల్ చుట్టూ ఉండే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, దాని లిప్ (యాక్సిల్‌ను ఒరుసుకునే అంచు) లోపలివైపుకే ఉంది. అది ఆయిల్‌ను ఆపుతుంది కానీ బయటి నీళ్లను ఆపదు. నల్గొండ వెళ్లి సీళ్లు తెచ్చి, యాక్సిల్‌కు రెండేసి వీపులు ఆనించి (ఒకదాని లిప్ లోపలికి, ఇంకోదానిది బయటికి) పెట్టి, మధ్యలో గ్రీజు కుక్కాను.

నిన్న అరగంట తిప్పితే గ్లాసుడు నీళ్లే వచ్చాయి. భద్రత కోసం పక్కలకు 50 లీటర్ల ఖాళీ క్యాన్లు రెండు కట్టాను. పూర్తిగా మునిగితే ఒక్కోటి దాదాపు 50 కిలోలు మోస్తుంది. ప్రొపెల్లర్ లేదు, టైర్ల మీది గాట్లే తెడ్లు. అందుకే నీళ్లలో దీని వేగం కన్నా ఎద్దుబండే నయం!