ఫ్రీజర్‌లో దాచిన పుప్పొడి మొలకెత్తడం లేదు, ఏం చేయాలి?

అంతరించిపోయే దశలో ఉన్న ఒక చెట్టు జాతి మీద పనిచేస్తున్నాను. మగ పూలు ఒక చెట్టుకి, ఆడ పూలు ఇంకో చెట్టుకి పూస్తాయి. పైగా రెండూ ఒకేసారి విచ్చుకోవు. అందుకే పుప్పొడిని ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచి, తర్వాత చేత్తో పరాగసంపర్కం చేయాలని ప్లాన్. టిష్యూ కల్చర్‌లో (చెట్టు ముక్క నుంచి ల్యాబ్‌లో మొక్కలు పెంచడం), ఎంఎస్ అనే పోషక మీడియం మీద, పిలకలు బాగానే వస్తున్నాయి. కానీ అవన్నీ ఒకే తల్లిచెట్టు నకళ్లు. జన్యు వైవిధ్యం కావాలంటే విత్తనం కట్టాల్సిందే.

బతికున్న రేణువులు ఎర్రబడే టీటీసీ అనే రంగు పరీక్షలో రేణువులు చాలావరకు ఎర్రబడుతున్నాయి (దాన్ని పూర్తిగా నమ్మలేమనుకోండి). పుప్పొడిని మొలకెత్తించి చూసే బ్రూబేకర్-క్వాక్ మీడియంలో, 10 శాతం సుక్రోజ్‌తో వేస్తే మాత్రం పుప్పొడి నాళం (రేణువు నుంచి వచ్చే మొలక) రావడం లేదు, కొన్ని పగిలిపోతున్నాయి కూడా. తాజా పుప్పొడి ఇదే మీడియంలో చక్కగా మొలుస్తోంది, కాబట్టి తేడా మీడియంలో లేదనే నా అనుమానం.

బాగా ఎండిన రేణువు ఒక్కసారిగా నీరు పీల్చుకుంటే పొర దెబ్బతింటుందని చదివాను. అందుకే నెమ్మదిగా తేమ పట్టేలా, ఫ్రీజర్ నుంచి తీశాక తేమ ఉన్న డబ్బాలో మీరు ఎంతసేపు ఉంచుతారు? గది ఉష్ణోగ్రత సరిపోతుందా? లేక పుప్పొడి దాచడానికి ఫ్రీజర్ బదులు నేరుగా ద్రవ నత్రజనికి మారిపోవడమే మంచిదా? మిగిలిన పుప్పొడి చాలా కొంచెం, వచ్చే పూత దాకా మళ్లీ దొరకదు. అందుకే ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.