పాత వేగన్ ఆర్‌కు హెడ్‌లైట్ల వెలుతురు పెంచాలంటే ఏ మార్గం మంచిది?

ప్రశ్న: చింతపల్లి మాస్టారు

అందరికీ నమస్కారం. నా దగ్గర 2009లో కొన్న వేగన్ ఆర్ ఉంది. 15 ఏళ్లు నిండినప్పుడు రిజిస్ట్రేషన్‌ను మరో 5 ఏళ్లకు పొడిగించుకున్నాను. ఇంజను ఇంకా చక్కగా ఉన్నందువల్ల బండిని మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు. నేను నర్సీపట్నంలో ఉంటూ చింతపల్లి వైపు ఒక పాఠశాలలో పనిచేస్తున్నాను. వారానికి రెండు మూడు సార్లు చీకటి పడిన తరువాత లంబసింగి మీదుగా ఘాట్ దిగవలసి వస్తుంది. ఈ మధ్య లో బీమ్‌లో మలుపు అవతలి అంచు కనబడడం లేదు, హై బీమ్ వేసినా పాత కిరోసిన్ లాంతరు వెలుగులో నడుస్తున్నట్టే ఉంటోంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కమ్మితే ఇక చెప్పనక్కరలేదు.

ఒక దుకాణంలో అడిగితే ఎల్‌ఈడీ బల్బులు వేయించుకోమన్నారు, మరొక చోట 100/90 వాట్ల బల్బులు వేస్తే ఒక్కసారిగా తేడా తెలుస్తుందన్నారు. ఇప్పుడున్నవి మామూలు 60/55 వాట్ల హెచ్4 రకం హాలోజన్ బల్బులు (హై, లో బీమ్‌లు రెండూ ఒకే బల్బులో ఉండేవి), ఏడాది క్రితమే మార్చాను. హెడ్‌లైట్ల పైపొర పసుపు రంగుకు తిరిగింది. ఎదురుగా వచ్చేవారి కళ్లు బైర్లు కమ్మించే పని మాత్రం చేయదలచుకోలేదు, ఎందుకంటే ఆ బాధ నేను రోజూ పడుతున్నాను. ఈ రెండింటిలో ఏది మేలో, లేక మూడో మార్గం ఏదైనా ఉందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: పాత రిలే

మాస్టారికి నమస్కారం. నా ఉద్దేశంలో మీ బండికి ఇంకా కొత్త వెలుతురు అవసరం రాలేదు. కొన్ననాటి వెలుతురులో ఎంత పోయిందో, ఎక్కడ పోయిందో ముందు లెక్క తేల్చాలి. హెచ్4 బల్బు 13.2 వోల్టుల దగ్గర లో బీమ్‌లో సుమారు 1000 ల్యూమెన్లు, హై బీమ్‌లో సుమారు 1650 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే వెలుతురుకు కొలమానం) ఇచ్చేలా తయారవుతుంది. ఆ వోల్టేజి బల్బు దాకా చేరితేనే ఆ లెక్క నిలుస్తుంది.

పాత చిన్న కార్లలో చాలావాటికి హెడ్‌లైటు కరెంటు మొత్తం స్టీరింగ్ దగ్గరి స్విచ్ గుండా, సన్నని తీగల గుండా, ఏళ్ల తరబడి పచ్చగా తుప్పు పట్టిన కనెక్టర్ల గుండా ప్రయాణించి బల్బును చేరుతుంది. దారిలో ప్రతి చోటా కొంత కొంత పోతుంది. హాలోజన్ బల్బు గుణం ఏమిటంటే, వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు పది శాతం కాదు, దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. అందువల్ల ఒక మల్టీమీటరు తీసుకుని, ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగా, బ్యాటరీ కొసల దగ్గర ఒకసారి, బల్బు వెనుక హోల్డర్ దగ్గర ఒకసారి కొలవండి. బల్బు ఊడదీసి ఖాళీ హోల్డర్‌లో కొలిస్తే కరెంటు పారదు కనుక అంతా బాగున్నట్టే చూపిస్తుంది. చాలామంది మెకానిక్‌లు ఇక్కడే మోసపోతారు. ఎర్త్ వైపు, అంటే కరెంటు బల్బు నుంచి బ్యాటరీకి తిరిగి వచ్చే దారిలో, నష్టాన్ని కూడా విడిగా చూడాలి.

తేడా ఒక వోల్టుకు మించి ఉంటే రిలే కిట్ వేయించండి. రిలే అంటే చిన్న కరెంటుతో పనిచేసి పెద్ద కరెంటును కలిపే స్విచ్. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు, అక్కడి నుంచి బల్బుల దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, పింగాణీ హోల్డర్లు ఉంటే సరిపోతుంది. పాత స్విచ్ ఇక రిలేను తట్టి లేపే పని మాత్రమే చేస్తుంది, కనుక దాని ఆయుష్షు కూడా పెరుగుతుంది. ఒక హెచ్చరిక: జపాన్ పద్ధతిలో తయారైన కొన్ని కార్లలో స్విచ్ పాజిటివ్ వైపు కాక ఎర్త్ వైపు ఉంటుంది. మీ బండిలో ఎటువైపు ఉందో పరీక్షించకుండా బజారులో దొరికే కిట్‌ను ఉన్నది ఉన్నట్టు తగిలిస్తే లైట్లు వెలగకపోవచ్చు, లేదా ఎప్పుడూ వెలుగుతూనే ఉండవచ్చు.

100/90 బల్బుల సంగతి. రోడ్డు వాడకానికి ఆమోదం ఉన్న హెచ్4 బల్బు 60/55 వాట్లదే. హై బీమ్‌లో రెండు బల్బులు కలిపి ఇప్పుడు 10 ఆంపియర్లు తీసుకుంటుంటే, 100 వాట్లవి దాదాపు 17 ఆంపియర్లు తీసుకుంటాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 2.8 రెట్లు అవుతుంది. పాత తీగల మీద ఈ బల్బులు వేసి హోల్డర్లు కరిగించుకున్నవారిని నేను ఒకరికి మించి చూశాను. రిలే వేశాక కూడా బల్బు వేడి రిఫ్లెక్టరు (బల్బు వెనుక అద్దంలా మెరిసే గిన్నె) మీద, ప్లాస్టిక్ డూమ్ (బల్బు తప్ప మిగతా హెడ్‌లైటు భాగం) మీద పడక మానదు.

ఇక పసుపుబారిన పైపొర. పాలీకార్బొనేట్ మీద ఉండే రక్షణ పూత ఎండకు అరిగిపోవడం వల్ల అలా అవుతుంది. 1000, 1500, 2000 నంబర్ల నీటి గరుకు కాగితాలతో వరుసగా తడి మీద రుద్ది, పాలిషింగ్ కాంపౌండ్‌తో మెరుగుపెట్టి, చివర ఎండను తట్టుకునే క్లియర్ కోటు వేయాలి. ఆ చివరి పూత వేయకపోతే కొద్ది నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. టూత్‌పేస్టు చిట్కా కూడా అంతే, చుట్టం చూపుకు వచ్చిన మెరుపు. అయితే లోపలి రిఫ్లెక్టరు మీది వెండిలా మెరిసే పూత మసకబారినా, పెచ్చులు లేచినా బయట ఎంత రుద్దినా లాభం లేదు. దానిని గుడ్డతో తుడవబోతే ఉన్న పూత కూడా ఊడి వస్తుంది. అప్పుడు డూమ్ మార్చడమే దారి, అది కూడా కంపెనీ అసలు భాగమే కొనడం మంచిది.

సమాధానం: శాంట్రో యజమాని

పాత రిలే గారు చెప్పిన కొలతల విషయంలో నాకు అభ్యంతరం లేదు, కానీ ఎల్‌ఈడీని ఆయన అసలు ప్రస్తావించనే లేదు. నేను నా శాంట్రో జింగ్‌లో రెండేళ్లుగా ఎల్‌ఈడీ బల్బులు వాడుతున్నాను. నెలకు నాలుగు సార్లయినా హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట వెళ్తాను. బండి ముందు రోడ్డు పాలు పోసినట్టు తెల్లగా కనబడుతుంది, కరెంటు సగం కూడా ఖర్చు కాదు, కనుక తీగల సమస్యే ఉండదు. చవక సరుకు కాకుండా పేరున్న కంపెనీవి కొని, వెలుగునిచ్చే చిప్పులు రెండు పక్కలకూ చూసేలా తిప్పి బిగించుకుంటే ఎదుటివారికి ఇబ్బంది ఉండదనే నా నమ్మకం. ఒక్క లోపం ఉంది: వెనుక ఫ్యాను ఉండడం వల్ల రబ్బరు మూత సరిగా కూర్చోలేదు, మొదటి వానాకాలంలో లోపల కొంచెం నీరు చేరింది. ప్రస్తుతం మూతను కత్తిరించి సర్దుకున్నాను.

సమాధానం: గాజు కటకం

శాంట్రో యజమాని గారూ, మీ అనుభవాన్ని కాదనను, కానీ మీరు చెప్పిన ‘పాలు పోసినట్టు’ అన్న మాట దగ్గరే నా అనుమానం. హెచ్4 బల్బులో లో బీమ్‌కు వెలిగే తీగచుట్ట (ఫిలమెంటు) కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది రిఫ్లెక్టరు కింది సగానికి కాంతి పోకుండా అడ్డుపడుతుంది. పై సగం మీద పడిన కాంతి మాత్రమే కిందికి వంగి రోడ్డు మీదికి వస్తుంది. ఆ దొప్ప అంచు ఒక వైపు 15 డిగ్రీలు వాలుగా ఉంటుంది, కనుకనే మన దేశంలో ఎడమ వైపు కాంతి కొంచెం పైకి లేచి రోడ్డు పక్కన నడిచే మనిషిని, మైలురాయిని చూపిస్తుంది. రిఫ్లెక్టరులోని ప్రతి వంపూ ఆ తీగచుట్ట ఉన్న స్థానాన్ని, దాని పరిమాణాన్ని లెక్కగట్టి తీర్చినదే. ఆ చోట వేరే మందం, వేరే ఆకారం గల చిప్పులు పెడితే బల్బులోంచి వెలుతురు ఎక్కువే రావచ్చు, కానీ అది వెళ్లవలసిన చోటికి వెళ్లదు. ఎక్కువ భాగం బండికి పది పదిహేను మీటర్లలోనే కుమ్మరింపబడుతుంది. దగ్గర నేల అంత తెల్లగా మెరిస్తే కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్న గేదె మునుపటి కంటే తక్కువగా కనబడుతుంది. నాలుగు వరుసల రహదారి మీద, మధ్యలో డివైడరు ఉన్న చోట ఈ లోటు తెలియదు. మాస్టారి దారి అది కాదు.

మీరు ఒక పని చేయండి. సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, ఒక వైపు మామూలు హాలోజన్, మరొక వైపు మీ ఎల్‌ఈడీ పెట్టి లో బీమ్ వేసి చూడండి. వెలుగు పై అంచు గీత గీసినట్టు ఉందా, పైకి పొగలా వ్యాపించిందా అన్నది మీకే కనబడుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండా ముందు దీపాల కాంతి శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి. మాస్టారు మరో మూడు నాలుగేళ్లకు మళ్లీ రిజిస్ట్రేషన్ పొడిగింపు తనిఖీకి వెళ్లవలసి ఉంటుంది కనుక దీనిని గుర్తుంచుకోవడం మంచిది.

విదేశాల నుంచి డూమ్‌లు తెప్పించాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. కుడి వైపు నడిచే దేశాల దీపాలలో కాంతి కుడి పక్కకు పైకి లేస్తుంది, అంటే మన రోడ్డు మీద సరిగ్గా ఎదుటి డ్రైవరు ముఖంలోకి. యూరప్ ఆమోదం ఉన్న, ఎడమ వైపు రాకపోకలకు మాత్రమే ఉద్దేశించిన దీపం గాజు మీద, ముందు నిలబడి చూసేవారికి కుడి వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది.

పొగమంచు విషయంలో హెడ్‌లైట్ల మీద ఎంత ఖర్చు పెట్టినా ఫలితం తక్కువ. నీటి తుంపరలు కాంతిని వెనక్కి, నేరుగా మన కళ్లలోకే కొడతాయి కనుక వెలుతురు పెరిగిన కొద్దీ తెల్లగోడ దళసరి అవుతుంది. అక్కడ పనికివచ్చేది బంపరు కింద తక్కువ ఎత్తులో అమర్చిన, వెడల్పుగా పరచుకుని పై అంచు కోసినట్టు ఉండే ఫాగ్ ల్యాంపుల జత. పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందన్నది నిజం కాదు. మంచు తుంపరలు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపు కంటికి కొంత హాయిగా అనిపిస్తుందంటే ఒప్పుకుంటాను. నీలి పూత పూసిన హాలోజన్ బల్బుల జోలికి మాత్రం పోకండి. ఆ పూత ఉన్న వెలుతురులోనే కొంత మింగేస్తుంది.

చివరగా, చనువు తీసుకుంటున్నాననుకోకపోతే, 50 దాటినవారైతే ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి. శుక్లం మొదలవుతున్నప్పుడు చాలామందికి మొదట తెలిసేది రాత్రి డ్రైవింగులోనే. ముందు అద్దం లోపలి వైపు పేరుకున్న జిడ్డు పొరను కూడా తుడిపించండి.

మళ్లీ: చింతపల్లి మాస్టారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పది రోజుల తరువాత రాస్తున్నాను. మా పాఠశాల ప్రయోగశాలలోని మల్టీమీటరుతోనే కొలిచాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, ఎడమ బల్బు దగ్గర 12.0, కుడి బల్బు దగ్గర 12.2 వచ్చాయి. పాత రిలే గారి సూత్రం ప్రకారం లెక్క వేస్తే నాకు అందవలసిన వెలుతురులో నలభై శాతం దారిలోనే పోతోందని తేలింది. దీనిని పదో తరగతి పిల్లల చేత కూడా లెక్క కట్టించాను. మా బండిలో స్విచ్ ఎటువైపు ఉందో ముందే పరీక్షించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పి రిలేలు వేయించాను. ఇప్పుడు బల్బుల దగ్గర 13.7 వోల్టులు ఉంటోంది. అదే బల్బు, అదే రిఫ్లెక్టరు, కానీ వెలుతురు ఒకటిన్నర రెట్లు అయింది. డూమ్‌లను రుద్దించి క్లియర్ కోటు వేయించాను. లోపలి పూత అదృష్టవశాత్తు బాగానే ఉంది. కంటి డాక్టరు కళ్లద్దాల నంబరు మార్చారు, శుక్లం లేదన్నారు.

ఒక సందేహం మిగిలింది. నిన్న రాత్రి ఎదురుగా వచ్చిన ఇద్దరు నాకు డిప్పర్ కొట్టారు (లైటు తగ్గించమని తమ లైట్లు మిణుకు మిణుకుమనిపించారు), నేను లో బీమ్‌లోనే ఉన్నాను. వెలుతురు పెరిగినందువల్లనా, లేక పని చేసేటప్పుడు డూమ్‌లు కదిలాయా?

సమాధానం: పాత రిలే

రుద్దడానికి డూమ్‌లు ఊడదీసి ఉంటే కదిలే ఉంటాయి, మాస్టారూ. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టి, సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలపండి. నేల నుంచి హెడ్‌లైటు మధ్య బిందువు ఎత్తు కొలిచి గోడ మీద అదే ఎత్తులో సుద్దగీత గీయండి. లో బీమ్ వెలుగు పై అంచులోని సమతల భాగం ఆ గీతకు సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఎడమ వైపు పైకి లేచే భాగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. హెడ్‌లైటు వెనుక సర్దుబాటు స్క్రూలు ఉంటాయి, ఒక దీపాన్ని గుడ్డతో కప్పి రెండోదాన్ని సరిచేయండి. వెనుక సీటులో ముగ్గురిని, డిక్కీలో సామాను వేసుకుని ఘాట్ ఎక్కే రోజు ముందు భాగం లేస్తుంది కనుక ఆ రోజు ఇంకాస్త కిందికి దించుకోవలసి రావచ్చు.