బాకీలు ఉన్నవాళ్లకి సెక్యూరిటీ క్లియరెన్స్ ఆపడం న్యాయమేనా?

గుణుపురం కుర్రాడు:
మా పెద్దమ్మగారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అక్కడి పౌరసత్వం వచ్చింది. రక్షణ శాఖ పనులు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది కానీ ముందు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, రావాలి. ఎస్ఎఫ్-86 అనే ఫారంలో గత ఏడేళ్లలో 120 రోజులు దాటినా కట్టని బాకీలున్నాయా అని అడిగారట. మధ్యలో ఉద్యోగం పోయి రెండు క్రెడిట్ కార్డుల బాకీలు కట్టడం ఆగిపోయింది. పెద్దమ్మకి ఒకటే టెన్షన్. అప్పుకీ దేశ భద్రతకీ ఏం సంబంధం? మన రాయగడ జిల్లాలో అప్పు లేని ఇళ్లెన్ని?

వంశధార:
సంబంధం ఉంది తమ్ముడూ. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ అప్పుల్లో కూరుకుపోయి 1985లో సోవియట్ వాళ్లకి రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు, 1994లో దొరికాడు. అతను బయటపెట్టిన పేర్ల వల్ల మనుషుల ప్రాణాలు పోయాయి. పీకల దాకా అప్పులున్నవాణ్ణి డబ్బుతో లొంగదీయడం తేలిక.

బరంపురం అక్క:
ఏమ్స్ పేరు చెప్పి అందరినీ ఒకే గాటన కడితే ఎలా? అతను దొరికేనాటికి అప్పుల్లో లేడు, రొక్కం పోసి ఇల్లు కొన్నాడు, ఆ సొమ్ము ఎక్కడిదని గట్టిగా ఆరా తీయడానికే ఏళ్లు పట్టింది. మా వీధిలో గ్రూపు లోన్లు తీసుకున్న ఆడవాళ్లని రోజూ చూస్తున్నాను. ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లు పోగుచేసి ఇచ్చేదాకా ఫైనాన్స్ అబ్బాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని అరుగు మీదే కూర్చుంటాడు. పక్కింటామె వాయిదా కోసం చెవి కమ్మలు కుదువపెట్టినామె కూడా ఉంది. అలాంటామె పేరు మీద బకాయి పడితే ఆమె నమ్మదగిన మనిషి కాకుండా పోతుందా? మన దేశంలోనూ ఇదే వరస. అప్పుల చరిత్ర బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒకతని నియామకం రద్దు చేస్తే 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది. ఉద్యోగమే ఇవ్వకపోతే బాకీ తీర్చేదెలా?

కొరాపుట్ మాస్టారు:
అమ్మా, మన కేంద్ర ఉద్యోగులకి 1964 నుంచీ ప్రవర్తనా నియమావళి ఉంది. అందులో 17వ నియమం అలవాటుగా అప్పుల్లో ఉండొద్దంటుంది, అప్పంటూ ఉండకూడదని అనదు. తన చేతిలో లేని కారణం వల్ల అప్పు పడిందని ఉద్యోగి రుజువు చేసుకోవచ్చు. సునాబెడలో విమాన ఇంజన్లు తయారయ్యే చోట పనిచేయాలని ఆశపడే పిల్లలకి నేను చెప్పేదొక్కటే, ఫారంలో అడిగింది దాచకండి.

వంశధార:
మాస్టారు అన్నదే అమెరికా వాళ్ల పద్ధతి కూడా. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న క్లియరెన్స్ మార్గదర్శకాల్లో డబ్బు వ్యవహారాలకి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ఉద్యోగం పోవడం, విడాకులు, ఆసుపత్రి ఖర్చు లాంటివి వచ్చిపడి, ఆ కష్టంలో కూడా మనిషి బాధ్యతగా నడుచుకున్నాడా అని చూస్తారు. అప్పులవాళ్లతో మాట్లాడి నెలనెలా ఎంతోకొంత కడుతున్నాడా అని చూస్తారు. మొత్తం తీరిపోయి ఉండాలనేం లేదు. బాకీ సంగతి కావాలని దాస్తే మాత్రం అప్పు కన్నా అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

గుణుపురం కుర్రాడు:
మూడేళ్లు దాటితే ప్రోనోటు చెల్లదంటారు కదా అన్నా, అక్కడ కూడా అలాగే కాలదోషం పట్టేదాకా ఊరుకుంటే?

వంశధార:
వద్దు. కోర్టులో వసూలు కాకపోవచ్చు గానీ, క్లియరెన్స్ దగ్గర దాన్ని నిజాయితీగా తీర్చే ప్రయత్నం కింద లెక్కపెట్టరు. కంపెనీ పని తీసేసినప్పుడు ఇచ్చిన ఉత్తరం, కార్డు వాళ్లతో వాయిదాల ఒప్పందం, కట్టిన రసీదులు జాగ్రత్త చేసుకోమను.

బరంపురం అక్క:
ఆ పెద్దమ్మగారి అబ్బాయికి ఆ ఉత్తరం ఉంటుంది కాబట్టి సరే. నోటిమాట మీద కూలికెళ్లి, నోటిమాట మీద పని పోగొట్టుకున్నవాళ్ల పిల్లలు రేపు ఇలాంటి రుజువులు ఎక్కణ్ణుంచి తెస్తారు మాస్టారూ? రుజువు చేసుకునే భారమంతా అప్పుపడ్డవాడి మీదే పెట్టడం నేను ఒప్పుకోను.