అప్‌డేట్: తమ్ముడి ఎమ్మెస్సీకి ఏడాదికి నిజంగా ఎంతయిందంటే

తెలంగాణలో ప్రభుత్వ యూనివర్సిటీలో తమ్ముడికి సీటొచ్చింది, ఎంత సర్దుకోవాలి అని పోయినేడు అడిగాను. "రీయింబర్స్‌మెంట్ ఉందిగా, ఖర్చేముంటుంది" అన్నారు చాలామంది. ట్యూషన్ ఫీజు వరకు నిజమే. దెబ్బంతా మెస్‌లోనే.

చేరిన రోజే మెస్ అడ్వాన్సు, డిపాజిట్ కలిపి 9,000 కట్టాం. వాడి హాస్టల్లో నెల ఖర్చుని తిన్నవాళ్ల మధ్య పంచుతారు. దసరాకి సగం మంది ఊళ్లకెళ్లినా గ్యాసు, వంటవాళ్ల జీతాలు తగ్గవు కదా, 2,700 వచ్చే బిల్లు 3,300 అయింది. పోనీ సాంబారైనా చిక్కబడిందా, అదీ లేదు!

పుస్తకాలు, రికార్డులు, చార్జీలతో కలిపి ఏడాదికి 52,000 దాటింది. మెస్ చార్జీలకి ప్రభుత్వం నుంచి స్కాలర్‌షిప్‌గా రావాల్సిన ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీజు) ఇంకా పడలేదు. అమ్మ చిట్టీ ఎత్తితే గట్టెక్కాం.