కొర్రబయలు అంటే బయట పడుకుని కర్రలా బిగుసుకుపోవడమేనా?

మొన్న మన భాషా గ్రూపులో, మన్యంలో చింతపల్లి దగ్గరున్న లంబసింగి ఫొటోలు పెట్టిన సభ్యులొకరు కింద ఇలా రాశారు: "ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారు కాబట్టి."

ఈ కథ చలికాలం వచ్చిందంటే పేపర్లలో, టీవీల్లో ప్రతి ఏడూ వస్తుంది. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వినడానికి బాగుంటుంది కూడా. కానీ భాష గురించి మాట్లాడుకునే చోట దాన్ని అలాగే వదిలేస్తే 'బయలు' అనే మంచి మాటకు అన్యాయం చేసినట్టవుతుంది.

బయలు, బయట ఒక కుదుటివే, కానీ రెండూ ఒకటి కాదు. 'బయట' అనాలంటే లోపల అనేది ఒకటి ఉండాలి. 'బయలు' నేల పేరు. అడ్డూ ఆపూ లేని చదును. ఆరుబయలు అన్నా, బట్టబయలు అన్నా, చివరికి రోజూ వాడే బయలుదేరడం అన్నా, అందులో ఆ తెరిపి ఉంది. కన్నడంలో ఇప్పటికీ బయలు అంటే మైదానమే. మన మన్యంలో పెదబయలు ఏకంగా మండలం పేరు. దానికి చలి కథ ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు. కొండల మధ్య పెద్ద చదును అని పేరులోనే ఉంది. మైదానంలో ఎటు చూసినా బయలే కనక ఊరికి ఆ పేరు పెట్టాల్సిన పని రాదు. కొండల్లో నాలుగు ఎకరాలు సాపుగా దొరికితే అది గుర్తుపెట్టుకోవాల్సిన చోటు.

రెండేళ్ల కిందట జనవరిలో లంబసింగి వెళ్లాం. ఇంకా తెల్లారలేదు. కారు దిగి, పొలం పక్కన ఖాళీ జాగాలో నిలబడి చేతులు రుద్దుకుంటున్నాం. చలిమంట దగ్గర టీ కాస్తున్న పెద్దావిడ కేకేసింది: "బయల్లో నిలబడకండి బాబూ, సెట్టు కిందకి ఒచ్చీండి." మేం అప్పటికే ఇంటి బయటే ఉన్నాం, చెట్టు కిందకి వెళ్లినా బయటే. కానీ ఆవిడ లెక్కలో చెట్టు కింద బయలు కాదు. వెలుగు వచ్చాక కిందకి చూస్తే, ఖాళీ జాగాలో గడ్డిపరకల అంచులన్నీ తెల్లగా, ఉప్పు చల్లినట్టున్నాయి. వేలితో తాకితే గరగరలాడాయి. పది అడుగుల దూరంలో సిల్వర్ ఓక్ చెట్ల కింద అదే గడ్డి మామూలుగా తడిసి ఉంది, అంతే.

(మనకు పొగమంచుకీ, రాలే మంచుకీ, పేరుకునే మంచుకీ ఒకటే మాట ఉండడంతో అక్కడ హిమాలయాల్లోలా మంచు కురుస్తుందనుకుని వెళ్లేవాళ్లున్నారు. అక్కడ గడ్డకట్టేది గడ్డి మీది తేమ.)

కారణం తెలిసిందే. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. పైన కొమ్మలుంటే కొంత ఆగుతుంది, బయల్లో ఆపేదేదీ లేదు. పైగా చల్లగాలి బరువు. చుట్టూ ఉన్న కొండవాలుల మీంచి నీళ్లలా జారి పల్లపు చదునులో నిలిచిపోతుంది. అంటే ఆ ఊరి చలికి ఎత్తు ఒక కారణమైతే, బయలు రెండో కారణం. కథ చెప్పేవాళ్లు చలి వల్ల పేరు వచ్చిందంటున్నారు. నేనైతే ఆ చలిలో సగం పేరులోనే ఉందంటాను.

ఇక 'కొర్ర'. కొఱ్ఱు అంటే మొనదేలిన మేకు, శూలం. కర్ర కథ బహుశా దీన్ని పట్టుకునే పుట్టి ఉంటుంది. కొఱ్ఱ అంటే కొర్రలు, తినే ధాన్యం. రెండింటికీ బండి ఱయే కాబట్టి రాతను బట్టి తేల్చలేం. ఊరి పేర్ల తీరు చూడాలి. మద్దిలపాలెం, చింతపల్లి, హనుమంతవాక: ముందు చెట్టో, పంటో, మనిషో, దేవుడో. వెనక పల్లె, పాలెం, వాక, బయలు. 'బయట పడుకున్నవాడు కర్రలా బిగుసుకుపోతాడు' అనే ఒక పూర్తి వాక్యాన్ని రెండు మాటల్లోకి కుదించి ఊరికి తగిలించడం మన జనం చేసే పని కాదు. కొండపొలాల్లో సామలు, చోళ్లు, కొర్రలు తరాలుగా పండిస్తున్నవే. కొర్రలు పండే బయలు కొర్రబయలు. నాకు ఇదే సబబుగా తోచింది.

ఇంకోటి. ఊరిని చలితో గుర్తుపెట్టుకునేది కింద నుంచి వచ్చినవాళ్లు. ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్లు పొలంతోనో, గెడ్డతోనో (వాగుతోనో), కులదైవంతోనో గుర్తుపెట్టుకుంటారు. మనం పెట్టిన పేర్లు వేరుగా తెలుస్తూనే ఉంటాయి. 1839 చట్టంతో ఇక్కడి కొండ ప్రాంతంలో కలెక్టరు గవర్నరుకు ఏజెంటయ్యాడు, అప్పటి నుంచి మన్యం 'ఏజెన్సీ' అయింది, మన నోట ఇంకా ఆ మాటే ఆడుతోంది. ఆ బ్రిటిష్ కాలంలోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ కొండల్లో చాలీచాలని కూలికి మన్యం వాళ్లతో రోడ్లు వేయించాడు. ఆ కడుపుమంట కూడా తోడయ్యే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. ఇప్పుడు మనం కార్లలో ఎక్కేది ఆ కొండల్లోకే. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా పేరు కూడా ఆయనదే.

చేర్పు, రాత్రి 9 గంటలకు:

పాడేరు వైపు సభ్యురాలు ఒకరు కింద రాసినది చదివాక పై మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడ అన్నది ఇదీ: "కొర్ర మా అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు అండి. ధాన్యం కాదు. మా వైపు ఒక్కో ఇంటిపేరుకి ఒక్కో వంశ గుర్తు ఉంటుంది: కిల్లో వాళ్లది పులి, పాంగి వాళ్లది గద్ద, వంతల వాళ్లది పాము, గొల్లోరి వాళ్లది కోతి. కొర్ర వాళ్లది సూర్యుడు."

కిల్లో, పాంగి, కొర్ర అనే ఇంటిపేర్లు నేను ఓటర్ల జాబితాల్లో, ఎన్నికల వార్తల్లో వందసార్లు చూసి ఉంటాను. ఊరి పేరులో ఉన్నది అదే మాట కావచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు. ముందు మనిషి, వెనక నేల అనే తీరు నేనే రాసి, మనిషిని వదిలేసి ధాన్యాన్ని పట్టుకున్నాను. కొర్ర వాళ్ల బయలు! నాకు ఇప్పుడు ఇదే అన్నిటికంటే బలంగా కనిపిస్తోంది. పేపర్లన్నీ చలికి బిగుసుకుపోయే ఊరని రాసే చోట సూర్యుడి ఇంటిపేరు ఉందంటే ఒళ్లు జలదరించింది.

చింతపల్లి, లంబసింగి, తాజంగి వైపు సభ్యులుంటే చెప్పండి: ఊళ్లో కొర్ర ఇంటిపేరువాళ్లు ఇప్పుడున్నారా? లేకపోతే పెద్దవాళ్లు ఉండేవారని చెప్తారా? అలాగే మీ ఇంట్లో పెద్దవాళ్లు కొర్రబయలు అంటారా, కొర్రబైలు అంటారా? వీలైతే వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి ఇక్కడ పెట్టండి.